మోటారుబండి మేనిపై లప్పము



బాటప్రక్కనున్న మరమ్మతు కార్ఖానా యెదుట రంగు పోయి నిలిచిన మోటారుబండిని మీలో చూడనివారుండరు. దాని తలుపుమీదనో, చక్రముపై కప్పుమీదనో బూడిదవన్నె మచ్చ యొకటి కనబడును. పనివాడొకడు ఉప్పుకాగితము చేతబట్టి ఆ మచ్చను రుద్దుచుండును. నడుమ నడుమ రుద్దుట మాని, కన్నులు మూసికొని, అరచేతితో దానిని తడవి చూచుచుండును. ఆ మచ్చయే లప్పము. కొందఱు పుట్టీ యందురు. సొట్టవడిన రేకును సుత్తితో ఎంత నేర్పుగా సరిచేసినను సన్నని మిట్టపల్లములు మిగులును. ప్రైమరు అనెడి మొదటి పూత పడకముందు వానిని నింపి చదును చేయుటకే ఈ లప్పము.

దీనికొక చరిత్ర యున్నదా యని మీరు సందేహింపవచ్చును. ఉన్నది, అది మోటారుబండికంటె చాల పాతది. ఈ పావుగంటలో ఆ చరిత్ర యంతయు చెప్పుట సాధ్యము గాదు కనుక, దానిలో ఒక పాయనే పట్టుకొని నడచెదను. ఆ పాయ నీరు. లప్పమును నీళ్లతో రుద్దవలెనా, పొడిగా రుద్దవలెనా యను చిన్న ప్రశ్నమీద ఎందఱి యారోగ్యమో ఆధారపడియుండెను. నేటికిని కొంత ఆధారపడియున్నది.

మొదట లప్పము ఎందులకో చెప్పవలెను. నేటి మోటారుబండిపై పూతలన్నియు కలిపినను సుమారు మిల్లీమీటరులో పదవవంతు మందము మాత్రమే యుండును. అంత పలుచని పూత గుంటను పూడ్చజాలదు. గుంట యెట్లుండునో దాని యడుగునుండి పైవఱకు అట్లే దిగి పైకెక్కును. పైగా ఆ పూత అద్దమువలె మెఱయును. గరుకు గోడపై సున్నము కొట్టినచో పల్లము కనబడదు గాని, మెఱయు నేలపై నీడ వంకర తిరిగినచో పసివాడైనను కనిపెట్టును. మెఱుపు కావలెనన్న చదును కావలెను. మెఱుపు కోరిన ప్రతి జాతియు ఈ సంగతిని తనంత తానే కనిపెట్టినది.

మన కొండపల్లి బొమ్మలనే చూడుడు. తెల్లపొణికి కఱ్ఱతో అంగములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో కలిపిన మక్కుతో వానిని అతికి, సందులు పూడ్చి, నునుపు చేసి, ఆపైన తెల్లని సున్నపు పూత వేసి, ఆ తరువాతనే రంగులు దిద్దుదురు. మక్కు లప్పము; సున్నపు పూత ప్రైమరు. జపాను దేశములో లక్కపనివారు మెత్తని మట్టిపొడిని పచ్చిలక్కతో ముద్దచేసి, పాత్రపై పూసి, ఆఱిన తరువాత సానరాతితో నీళ్లలో అరుగదీసి, ఆపైన నల్లని మెఱుగుపూత వేయుదురు. ఈ జపాను పనితనమును చూచి పదునేడవ శతాబ్దినుండి ఐరోపావారు మోహపడి, ఆ లక్కచెట్టు తమ దేశములో లేనందున నూనెలతోను గుగ్గిలములతోను దానికి ప్రతిగా మెఱుగునూనెలు కల్పించిరి. ఆ పనికి జపానుపని యనియే పేరు పెట్టిరి. ఆ మెఱుగునూనెలే క్రమముగా శ్రీమంతుల గుఱ్ఱపుబండ్లమీదికి ఎక్కెను.

లండను నగరములో లాంగ్ ఏకర్ అను వీథి గుఱ్ఱపుబండ్లు కట్టువారికి ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దిలో అట్టి పనివారు ఒక మేలిబండికి రంగువేయు క్రమము వినదగినది. ముందు కఱ్ఱమీద సీసపు తెలుపును అవిసెనూనెలో నూఱి పూయుదురు. ఈ సీసపు తెలుపునే మన బజారులలో సఫేదా యనిరి. మేకుల గుంటలను, కఱ్ఱ యీనెలను గట్టిలప్పముతో పూడ్చుదురు. ఆపైన మెత్తని రాతిపొడి, సఫేదా, త్వరగా ఆఱెడి మెఱుగునూనె, టర్పెంటైను కలిపిన ముతకపూతను, ఒకటి ఆఱిన తరువాత నొకటిగా, పలుమాఱులు వేయుదురు. అదియే యా కాలపు లప్పము. అన్నిటిపైన వేఱు వన్నెగల పలుచని పూత నొకదానిని ఊరక పులుముదురు. దానిని నేను దారిపూత యందును. నురుగురాతి ముక్కతో నీళ్లు పోయుచు రుద్దినపుడు మిట్టలమీది దారిపూత ముందుగా చెరిగిపోవును, పల్లములలోనిది మిగిలియుండును. మచ్చ లేశమైనను లేకుండ పోయినపుడు మేను సమమైనదని తెలిసికొందురు. కంటికి తెలియని పల్లమును రంగుచేత పలికించు ఈ యుక్తి యెంత చక్కనిది! గుఱ్ఱపుబండ్లు పోయి నూఱేండ్లు దాటినను, నేటి కార్ఖానాలలో నల్లని పొడి చల్లియో, పలుచని రంగు చిమ్మియో ఇదే యుక్తిని వాడుచున్నారు.

ఈ క్రమములో ఒక బండి కార్ఖానా నుండి వెలువడుటకు వారములు పట్టెడిది. ఆలస్యమును శ్రీమంతులు సహించిరి. సహింపరానిది మఱియొకటి యుండెను. దానిని పనివారు సహించిరి.

సఫేదా విషము. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700 సంవత్సరమున పనివారల రోగములనుగూర్చి వ్రాసిన గ్రంథములోనే, కుమ్మరులను చిత్రకారులను సీసము పట్టి పీడించు విధము వర్ణింపబడినది. కడుపులో శూల, చిగుళ్లపై నల్లగీత, వ్రేలాడిపోవు మణికట్టు, తుదకు మతి చెడుట: ఇవి దాని గుర్తులు. సీసము నోటినుండి మాత్రమే గాక శ్వాసద్వారమునను లోపలికి బోవునని తెలియుటకు చాలకాలము పట్టినది. అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు 1910 తరువాతి సంవత్సరములలో కార్ఖానాలు తిరిగి, రోగుల నడిగి, సీసపు రంగును పొడిగా రుద్దినపుడు లేచెడి ధూళి రంగుపనివారికి గొప్ప అపాయమని చూపినది. ఈమెయే 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మొదటి స్త్రీ ఉపాధ్యాయురాలైనది. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సీసపు తెలుపు వాడుకను కట్టడిచేయు ఒడంబడికను ఆమోదించెను. ఇంగ్లండులో 1926 నాటి చట్టము, ఇండ్ల రంగుపనిలో సీసపు పూతలను పొడిగా రుద్దుటను నిషేధించెను.

నీళ్లతో రుద్దినచో ధూళి లేవదు. కాని యప్పటి గరుకుకాగితము నీటిలో నానినచో రెండు నిమిషములలో ముద్దయై చేతికి వచ్చెడిది, దాని జిగురు నీటికి కరిగెడిది. నురుగురాయి చదునైన తలుపునకు సరిపడునుగాని, మోటారుబండి వంపులలో తిరుగదు. 1921లోనే అమెరికాలో త్రీయెమ్ అను సంస్థ, ఫ్రాన్సిస్ ఓకీ యను నతడు కనిపెట్టిన విధానముచేత, నీటికి చెడని ఉప్పుకాగితమును అమ్మసాగెను. దానిపై అతికినది కార్బోరండము, అనగా 1891లో అచిసన్ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్కొలిమిలో చేసిన గట్టి గరుకుపొడి. నా దృష్టిలో ఈ నల్లని కాగితము సామాన్యమైన సరుకు గాదు. దానివలన పని నునుపైనది, చేయువాని ఊపిరితిత్తులకును కొంత రక్షణ కలిగినది. చట్టము చేయజాలని మేలు ఒక్కొక్కప్పుడు సరుకు చేయును.

ఇంతలో బండ్ల సంఖ్య వేలనుండి లక్షలకు పెరిగెను. వారములకొలది పూతలు వేయుచు కూర్చుండుటకు వీలు లేకపోయెను. ఫోర్డు తన టీ-మాడలు బండిని 1914 నుండి 1925 వఱకు నల్లరంగుతోనే అమ్మెనని మీరు వినియుందురు; ఆ నలుపు తారువంటి పదార్థముతో చేసి కొలిమిలో కాల్చెడి పూత, దాని పేరును జపాను నలుపే. వన్నెవన్నెల బండ్లు త్వరగా రావలెనన్న వేఱొక రంగు కావలసియుండెను. దూది నుండి అది దొరకెను. దూదిని నత్రికామ్లములో పక్వము చేసినచో నైట్రోసెల్యులోజు అగును. దానిలో ఘాటైనది తుపాకిమందు, మందమైనది మెఱుగుపూత. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపుడు తుపాకిమందు చేయు యంత్రాగారములు పనిలేక నిలిచియుండెను. అట్టి పని చేయుచుండిన డ్యూపాంట్ సంస్థవారు, జనరల్ మోటార్సువారితో కూడి, డ్యూకో యను పేర ఈ పూతను తెచ్చి 1923లో ఓక్లాండు బండ్లకు వేసిరి. వారముల పని దినములలోనికి దిగెను.

అయితే ఈ పూత వెనుకటి నూనెపూతవలె మందమైనది గాదు. అడుగున నున్న తప్పును అది దాచదు. అందుచేత లప్పము మునుపటికంటె సన్ననిది కావలసివచ్చెను. అదే నైట్రోసెల్యులోజుతో పలుచని లప్పము చేసిరి. మన కార్ఖానాలలో నేటికిని ఎన్‌సీ పుట్టీ యని పిలుచునది దాని సంతతియే. ద్రావకము ఎగిరిపోయిన కొలది ఇది ఆఱును. ఆఱిన కొలది కుంచించుకొనిపోవును. తొందరపడి మందముగా పూసి ఆ రోజే రుద్ది రంగువేసినచో, నెల తిరుగకముందే పూడ్చిన గుంట మరల తేలును. అప్పుడు రంగును నిందింతురుగాని తొందరను నిందింపరు.

లోతైన సొట్టకు ఇది చాలదు. దానికి సీసమే మరల వచ్చెను. ఈసారి తెలుపుగా గాక లోహముగా. మేనంతయు ఉక్కురేకుతో కట్టిన బండ్లు 1914లో డాడ్జి సోదరులతో మొదలై, 1930 తరువాత సర్వసామాన్యమాయెను. కప్పును ప్రక్కరేకును అతికిన సందు కనబడకుండుటకు కార్ఖానాలోనే, క్రొత్తబండికే, సీసము నింపుచుండిరి. మరమ్మతు కూడ ఆ విధముననే. ఇది చూడవలసిన విద్య. రేకును తెల్లగా తోమి, ఆమ్లము పూసి, తగరపు కళాయి యెక్కించి, నూటికి ముప్పదిపాళ్లు తగరము, డెబ్బదిపాళ్లు సీసము గల కడ్డీని మంటతో వేడిచేయుదురు. ఈ మిశ్రమము 183 డిగ్రీలవద్ద కరుగ నారంభించి 250 డిగ్రీలు దాటినగాని పూర్తిగా నీరుగాదు. ఆ నడిమి వేడిలో అది వెన్నవలె నుండును. ఆ కొద్ది నిమిషములలో, కొవ్వు పూసిన చెక్కబద్దతో దానిని ఒత్తి ఆకృతి తెచ్చుదురు. మంట తగ్గినచో బద్దకు కదలదు, ఎక్కువైనచో నేలపై కారును. నిలువుగానున్న తలుపుమీద దీనిని నిలుపగలవాడే పనివాడనిపించుకొనెడివాడు. చల్లారిన తరువాత ఆకురాతితో గీయవలెను. గీచిన సీసము పొట్టువలె క్రిందపడును, గాలిలో తేలదు. యంత్రపుచక్రముతో అరుగదీసినచో తేలును, తేలినది ఊపిరిలో చేరును. పెద్ద కార్ఖానాలలో ఈ పనివారిని వేఱుగదిలో నుంచి, తలకు ముసుగు తొడిగి, గొట్టముద్వారా మంచిగాలి అందించిరి. చిన్న కార్ఖానాలలో ముసుగు లేదు. అడుగున మిగిలిన ఆమ్లమును వంటసోడానీళ్లతో కడిగివేయనిచో, కొన్నినెలలకు రంగు బొబ్బలెత్తెడిది. లప్పముయొక్క మంచిచెడ్డలు పైన గాక దాని అడుగున నుండునని సీసపుపని నేర్పెను.

సీసమును త్రోసివేసినది పాలియెస్టరు. 1930 తరువాతి దశాబ్దిలో అమెరికాలో కార్ల్టన్ ఎల్లిస్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పాలియెస్టరు జిగురును స్టైరీను అను ద్రవముతో కలిపినచో అది చప్పున గట్టిపడునని చూపెను. రెండవ ప్రపంచయుద్ధములో గాజునారతో కలిపి దీనితో విమానములలోని రాడారు కప్పులు చేసిరి. 1953లో షెవ్రొలే కార్వెట్టు బండి మేనంతయు దీనితోనే కట్టిరి. ఆ దశాబ్ది నడుమనే ఈ జిగురులో మెత్తని రాతిపొడి కలిపి లప్పముగా అమ్మసాగిరి. ఆ రాతిపొడి యేది? మనము పలకలమీద అక్షరములు దిద్దిన బలపపురాయి! కర్నూలు, అనంతపురము ప్రాంతములలో గనులనుండి తీయు రాయియే. మెత్తనిది, ఉప్పుకాగితమునకు లొంగునది, చౌకయైనది.

డబ్బాలోని ముద్దకు నూటికి రెండుపాళ్ల చొప్పున గట్టిపఱచు మందు కలిపి రేకుపై పూసినచో, పావుగంటలో అది రాయియగును. మంట లేదు, ఆమ్లము లేదు, సీసము లేదు. ద్రావకము ఎగిరి ఆఱునది గాక లోపలనే రసాయనక్రియచే గడ్డకట్టునది గనుక కుంచించుకొనుట కూడ స్వల్పము. మందు ఎక్కువ కలిపినచో త్వరగా గడ్డకట్టును గాని, మిగిలిన మందు పైకి ఊరి రంగును మచ్చగొట్టును. మన పనివారు తొందరలో తఱచుగా చేయు తప్పిదమిది. పది సంవత్సరములు నేర్చినగాని రాని సీసపు విద్యస్థానమున, పదిదినములలో పట్టుబడు పని వచ్చెను. దానిని నేను తప్పుపట్టను. సీసపు విద్య పోవుటచే పోయిన నైపుణ్యమునకంటె నిలిచిన ప్రాణములు గొప్పవి. అయితే సులభమగుటచే ఒక దుర్గుణము ప్రబలెను. సుత్తిపని చేసి, మిగిలిన సన్నని పల్లమును పూడ్చుటకు గదా లప్పము! సుత్తి ముట్టకయే అంగుళము లోతు గుంటలో ముద్దలు ముద్దలుగా నింపుటయు, తుప్పుతిన్న రంధ్రమునకు వెనుక కాగితము అడ్డుపెట్టి మెత్తుటయు మొదలాయెను. లప్పమునకు మోయు బలము లేదు. కాలంగుళమునకు మించినచో అదురునకు బీటలువాఱును.

నేను మొదట పట్టిన నీటిపాయ ఇచ్చట అడ్డము తిరిగినది. బలపపుపొడి కలిపిన ఈ లప్పము నీటిని పీల్చును. దానిని వెనుకటి యలవాటుచొప్పున తడికాగితముతో రుద్దినచో, నీరు దానిలోనికి దిగి, అడుగున తోమి తెల్లగానున్న ఉక్కును చేరును. పైన ప్రైమరు వేసి, రంగువేసి, మూత వేసినట్లగును. నీరు బయటికి రాజాలదు. లోపలనే తుప్పు పుట్టి, ఒకటి రెండు వర్షాకాలములకు రంగు బొబ్బలెత్తి పెళ్లగిల్లును. పనివాని దోషము ఇందు తక్కువ. తన గురువు నీళ్లతో రుద్దుమని నేర్పెను. ఆ గురువునకు వాని గురువు నేర్పెను. ఆ మాట సీసపు తెలుపు కాలమున ప్రాణరక్షకమైన మాట. సరుకు మాఱినది, మాట మాఱలేదు. మనదేశములో 1957 నుండి 2014 వఱకు తయారైన అంబాసడరు బండ్ల మందపు రేకులపై రెండుమూడు తరముల పనివారు చేతిపని నేర్చిరి. ఆ కార్ఖానాలలో పాలియెస్టరు లప్పమును, ఎన్‌సీ పుట్టీని, ప్రైమరును అన్నిటిని ఒకే బకెట్టు నీళ్లతో రుద్దుట నేను కన్నులార చూచితిని. ప్రైమరును తడిగా రుద్దుటలో, అది రేకును సందులేకుండ కప్పియుండినచో, దోషము లేదు. దాని యడుగున లప్పమును మాత్రము పొడిగానే రుద్దవలెను.

మఱి పొడిగా రుద్దినచో ధూళి? ఇదియే చిక్కు. పాలియెస్టరు ధూళిలో సీసము లేదుగాని, మెత్తని రాతిపొడి ఉన్నది, గట్టిపడని జిగురు ఉన్నది. పూయునపుడు ఘాటుగా కొట్టు వాసన స్టైరీనుది. 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి కాన్సరు పరిశోధన విభాగము దానిని బహుశః కాన్సరు కలిగింపగల పదార్థముల పట్టికలో చేర్చెను. హామిల్టన్ వైద్యురాలు చూపిన అపాయము రూపు మార్చుకొని మరల ఎదుట నిలిచినది. ఇందుకు పెద్ద కార్ఖానాలలో రెండు ఉపాయములు వాడుచున్నారు. రుద్దు యంత్రమునకే గొట్టము తగిలించి, లేచిన ధూళిని లేచినట్లే పీల్చి సంచిలో పడవేయుట యొకటి. రేకును తోమినవెంటనే ఎపాక్సీ యను నీరు చొరని పూతతో కప్పి, దానిమీద లప్పము వేయుట రెండవది. అప్పుడు లప్పము తడిసినను ఉక్కు తడియదు. ముందు పూత, పిదప లప్పము! గుఱ్ఱపుబండి పనివారు కఱ్ఱకు చేసిన క్రమము ఇదియే గదా. గ్రామప్రాంతపు కార్ఖానాలో పీల్చు యంత్రమునకు డబ్బు లేకపోవచ్చును. మంచి ముక్కుగుడ్డ యొకటి, ధూళిని ఆపునట్టిది, అంత ఖరీదు గాదు. మీ యూరి పిల్లవాడు ఈ పని నేర్చుకొనబోవుచుండినచో, కూలి యెంతయని అడుగుటకు ముందు ముక్కుగుడ్డ యిత్తురా యని అడుగుడు.

పాతబండి కొనువారు తఱచుగా అడుగునది యొకటి మిగిలినది: పైకి మెఱయుచున్న మేని లోపల ఏమున్నదో ఎట్లు తెలియును? చిన్న అయస్కాంతమునకు పలుచని గుడ్డ చుట్టి, రంగు గీచుకొనకుండ తలుపులమీద, చక్రముల కప్పులమీద, ముఖ్యముగా క్రింది అంచులవెంట జరపి చూడుడు. ఉక్కు ఉన్నచోట పట్టును. పలుచని లప్పమున్నచోట పట్టు సడలును. మందముగా మెత్తినచోట జాఱి క్రిందపడును. వ్రేలికణుపుతో తట్టినను తెలియును. రేకు ఖంగుమనును, లప్పము మొద్దుగా పలుకును. నేటి బండ్లలో ముందువెనుక అడ్డులు ప్లాస్టిక్కువి. కొన్నిటి మూతలు అల్యూమినియమువి. వానిమీద అయస్కాంతము ఎట్లును పట్టదు. బహు పాతబండి యైనచో పట్టనిచోట సీసముండవచ్చును. అట్టిచోట రంగును గీకించి యంత్రచక్రము పెట్టింపకుడు.